చలి, సైకిలు, లాగు

తెలుగులో కాళ్ళకు తొడిగే బట్టల పేర్లు ఒకసారి లెక్కపెట్టి చూడండి. చల్లడము, లాగు, ఇజారు, షరాయి, పైజామా, చుడీదారు, సల్వారు, నిక్కరు, ప్యాంటు. నిఘంటువులు తిరగేస్తే మరికొన్ని దొరుకుతాయి. వీటిని వరసగా పెట్టుకొని పుట్టుపూర్వోత్తరాలు విచారించినప్పుడు నాకొక సంగతి తోచింది. మన ప్రాంతంలో కాలికి తొడుగు వేయించిన ఘనత చలికంటె వాహనానికే ఎక్కువగా చెందుతుంది. నడిచినంత కాలం మన కాళ్ళు బోసిగానే ఉన్నాయి. గుర్రమెక్కిన నాడు ఒక తొడుగు వచ్చింది, సైకిలెక్కిన నాడు మరొకటి వచ్చింది. చలికాలంలో సైకిలు తొక్కేవారు కాళ్ళకేం తొడుక్కోవాలన్నది చూడడానికి చిన్న ప్రశ్నే. దాని వెనక ఇంత చరిత్ర ఉంది గనుక ఈ టపా దానికే కేటాయిస్తున్నాను.

మొదట మా ఊరి చలి సంగతి. ఖిలా వరంగల్ రాతికోట లోపల మా ఇల్లు. పుష్యమాసంలో తెల్లవారుజామున ఇక్కడి చలి 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, కొన్నేళ్ళు ఇంకా కిందికి దిగుతుంది. ఉత్తరాదివారికి ఇదీ ఒక చలేనా అనిపించవచ్చు గాని, ఎండలకు అలవాటు పడ్డ ఒంటికి ఇదే గజగజ. ఈ చలికి మన పెద్దలు కనిపెట్టిన మందు గొంగడి. దక్కను నల్లగొర్రెల ఉన్నితో కురుమలు తయారుచేసే ఈ గొంగడిని కొప్పెర వేసుకుంటే తల, చెవులు, వీపు, రొమ్ము అన్నీ కప్పబడతాయి. మోకాళ్ళ కింద మాత్రం ఏమీ ఉండదు. నడిచేవాడి కాలు తన వేడిని తానే పుట్టించుకుంటుంది. పైగా మంచుకు తడిసిన గడ్డిలో నడిచేటప్పుడు కాలిమీద బట్ట ఉంటే అదీ తడిసి మరింత వణికిస్తుంది. తల కప్పు, కాలు విడువు అన్నది పాదచారి న్యాయం.

కాకతీయుల ఓరుగల్లు చాలామందికి నడిచే ఊరే. క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరూ ఈ నగర వీథులు తిరిగి చూసింది కాలినడకనే. ఆనాటి కట్టుబడిలో ముఖ్యమైనది కాసెకట్టు. పంచ చెరగును కాళ్ళ మధ్యనుంచి వెనక్కి తీసి దోపితే నడకకు, పరుగుకు అడ్డం ఉండదు. వీరులకు, మల్లులకు చల్లడము ఉండేది. అది తొడలను బిగుతుగా పట్టి ఉండే పొట్టి లాగు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర చదివినవారికి, కావ్యాలనుంచి ఇటువంటి సంగతులు ఎన్ని ఏరుకోవచ్చునో నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక గుర్రం కథ. ఇప్పటివరకు ప్రపంచంలో దొరికిన అతి పాత లాగులు చైనా పడమటి అంచున, తుర్ఫాను దగ్గర యాంఘాయి సమాధుల్లో బయటపడ్డాయి. సుమారు 3000 ఏళ్ళ నాటివి. ఉన్నితో నేసినవి. రెండు కాళ్ళకు రెండు గొట్టాలు, నడుమ కాళ్ళు చాపుకోవడానికి వెడల్పైన ముక్క. గుర్రపు రౌతు కోసమే అలా నేశారని పరిశోధకుల అభిప్రాయం. మన నేలమీద నాగార్జునకొండ శిల్పాల్లోనూ అంగీ, లాగు తొడిగిన ఒక యోధుడున్నాడు. శకుడని పండితులు గుర్తించారు. చుట్టూ ఉన్నవారందరూ మన కట్టులో ఉండగా అతనొక్కడే కాళ్ళు దాచుకొని నిలబడి ఉంటాడు.

1323లో ఉలుగ్ ఖాన్ సేనలు ఓరుగల్లును పట్టుకొని సుల్తాన్‌పూర్ అని పేరు మార్చాయి. ఆ తరవాతి శతాబ్దాల్లో అరబ్బీ, పారశీక పదాలు దక్కనులో స్థిరపడ్డాయి. పైజామా అంటే పారశీకంలో కాలి వస్త్రమనే అర్థం. చుడీదారు అంటే గాజులు గలది. చీలమండ దగ్గర పడే ముడతలు గాజుల వరసలా ఉంటాయని ఆ పేరు. దాన్ని బట్ట పోగుకు ఏటవాలుగా కత్తిరిస్తారు. అందువల్ల బట్ట సాగుతుంది, పిక్కను పట్టి ఉంటుంది, మోకాలు వంచడానికి అడ్డు రాదు. నిజాం కొలువుకు పోయేవారు షేర్వానీ కింద తొడిగింది ఈ పైజామాలే. ఇంటికి రాగానే మళ్ళీ పంచ. అంటే లాగు కొలువుకు, పంచ కుటుంబానికి. మర్యాద ఆ విధంగా రెండు భాగాలైంది.

1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవరు సైకిలును తెచ్చాడు. 1888లో డన్లప్ గాలి టైరు వచ్చింది. నేటి మన సైకిలు రూపం అక్కడినుంచే. గుర్రం రౌతుకు జీను ఒరిపిడి, ఎదురుగాలి అని రెండు బాధలుంటే, సైకిలు వాటికి మూడోది చేర్చింది. అదే చైను. చైను కుడిపక్కన ఉంటుంది. వేలాడే బట్టను పళ్ళచక్రం పట్టుకుందంటే మనిషి కింద పడతాడు, లేదా బట్ట చిరుగుతుంది.

పాశ్చాత్యులు తమ కష్టానికి మోకాలి కింద బిగించే పొట్టి లాగును వాడుకున్నారు. దాని పేరు నికర్‌బాకర్స్. మన నిక్కరు దాని కుదింపే. వాషింగ్టన్ ఇర్వింగ్ 1809లో న్యూయార్కు చరిత్రను వేళాకోళంగా రాసి, దాన్ని డీడ్రిక్ నికర్‌బాకర్ అనే కల్పిత వృద్ధ చరిత్రకారుడి పేర ప్రకటించాడు. తరవాత దానికి వేసిన బొమ్మల్లో డచ్చివారు తొడిగిన పొట్టి లాగులకు ఆ ముసలాయన పేరే అంటుకుంది. ప్యాంటు పుట్టుక కూడా ఇటువంటిదే. ఇటలీ వీథినాటకాల్లో పాంటలోనే అనే వెనిస్ నగరపు ముసలి వర్తకుడి వేషం నుంచి వచ్చింది. మన నిక్కరు, మన ప్యాంటు రెండూ హాస్య వృద్ధుల నామధేయాలే! మనం వారికి ఒక మాట బదులిచ్చాం. పిక్కకు చుట్టుకొనే మన పట్టీ ఇంగ్లీషు సైన్యంలోకి పటీ అనే పేరుతో ఎక్కింది. పాత సినిమాల్లో కానిస్టేబుళ్ళు నిక్కరు కింద చుట్టుకొనేది అదే.

ఆడవారి సంగతి వచ్చేసరికి ఈ కథ హాస్యం మానేస్తుంది. 1851లో అమెరికాలో అమీలియా బ్లూమర్ తన పత్రికలో తురుష్కుల పైజామాను పోలిన లాగును పొట్టి గౌను కింద తొడగవచ్చునని ప్రచారం చేసింది. అదే 1851లో లండన్ మహా ప్రదర్శనలో మా వరంగల్ తివాచీలను చూసి జనం మెచ్చుకొన్నారు. తూర్పుదేశాల తివాచీని మెచ్చుకొన్న లోకమే తూర్పుదేశాల లాగును చూసి పగలబడి నవ్వింది. సైకిలు వచ్చాక ఆ లాగుకు అవసరం ఏర్పడింది. అయినా 1898లో లేడీ హార్బర్టన్ అనే ఆవిడ సైకిలు మీద ఓకమ్ గ్రామంలోని ఒక హోటలుకు వెళితే, లాగు తొడిగిందని కాఫీగదిలోకి రానివ్వలేదు. 1899లో కోర్టు కూడా హోటలు పక్షానే తీర్పు చెప్పింది.

ఆ తీర్పు గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు మా జిల్లాయే గుర్తుకు వచ్చింది. 1980లలో నేను పనిచేసిన ఒక పల్లె ఉన్నత పాఠశాలకు చుట్టుపక్కల గూడేలనుంచి మూడు నాలుగు కిలోమీటర్లు నడిచి పిల్లలు వచ్చేవారు. మగపిల్లలు నాన్న సైకిలు సందులోంచి కాలు దూర్చి కాంచీ తొక్కుడు నేర్చుకొని, పదో తరగతికి వచ్చేసరికి సీటు మీదికి ఎక్కేవారు. ఆడపిల్లలకు లంగా ఓణీ. అడ్డకడ్డీ ఉన్న సైకిలు మీద లంగాతో కాలు వెయ్యడం అసాధ్యం. సంక్రాంతి తరవాత పదో తరగతికి తెల్లవారుజామున ప్రత్యేక తరగతులు పెట్టేవాళ్ళం. చీకటి, చలి, దూరం మూడూ కలిసి ఆడపిల్లల హాజరును సగం చేసేవి. చదువు రాక మానేసినవారికంటె దారి సాగక మానేసినవారే ఎక్కువ.

ఒక జనవరిలో ఒక పిల్ల సైకిలు మీద వచ్చి బడిముందు దిగింది. అన్న పైజామా తొడుక్కొని, దాని అంచులను పాత ట్యూబునుంచి కోసిన రబ్బరు పట్టీలతో చీలమండల దగ్గర బిగించి, లంగాను పైకి ఎగదోపుకొని, తలకు తండ్రి మఫ్లరు చుట్టుకొని వచ్చింది. దిగగానే లంగా దించుకొని తరగతిలోకి నడిచింది. ఉపాధ్యాయుల గదిలో ఒకరిద్దరు ఇదేం వేషమన్నారు. నేను హాజరు పట్టీ తెచ్చి వారి ముందు పెట్టాను. ఆ వారమంతా చలికి మానకుండా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. తరవాతి వారానికి మరో ముగ్గురు అలాగే వచ్చారు. బ్లూమరమ్మ పేరు వారెవరూ విని ఉండరు. అవసరం పుడితే ఉపాయం పల్లెలోనూ పుడుతుంది.

తరవాత పంజాబీ డ్రెస్సు మన పల్లెలకు వచ్చింది, బడి యూనిఫారంలోకీ చేరింది. అడ్డకడ్డీ లేని లేడీస్ సైకిలు వచ్చింది. ఈ రెండూ కలిసి చేసిన మేలు నా ఉద్యోగకాలంలో కళ్ళారా చూశాను. సల్వారు అందచందాల గురించి, సంస్కృతి గురించి ఎవరి అభిప్రాయాలు వారికుండవచ్చు. ఒక ఉపాధ్యాయుడిగా నాకు అది ఆడపిల్లను హైస్కూలు దాకా చేర్చిన బట్ట.

మా తెలుగు పండితులకూ ఒక ఇబ్బంది ఉండేది. సైన్సు మాస్టారు ప్యాంటు తొడిగితే ఎవరూ అడగరు. తెలుగు పండితుడు పంచ కట్టకపోతే పద్యం రాదేమోనని జనానికి అనుమానం! మాకు ఛందస్సు చెప్పిన గురువు గారొకరు చలికాలంలో పంచ కింద మోకాళ్ళదాకా ఉన్ని మేజోళ్ళు తొడిగి, కుడివైపు కుచ్చిళ్ళు ఎగదోపి సైకిలెక్కేవారు. మేము చాటుగా నవ్వుకొనేవాళ్ళం. ఆయన ఆ మేజోళ్ళతో చలిని, చైనును, లోకమర్యాదను మూడింటినీ ఒకేసారి సంబాళించారు. ఇప్పుడు తలుచుకుంటే అది చక్కని శ్లేషాలంకారంగా తోస్తుంది.

ఇక ప్రశ్నకు సూటి జవాబు. గాలి కదలని తెల్లవారుజామున కూడా గంటకు 15 కిలోమీటర్లు తొక్కేవాడికి 15 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలి తగులుతుంది. ఆ గాలి ముందు తగిలేది తొడల ముందుభాగానికి, మోకాలి చిప్పకు. తొడకు కండ ఉంది, అది పనిచేసి వేడెక్కుతుంది. మోకాలి చిప్ప మీద కండా లేదు, కొవ్వూ లేదు. కనుక చలికాలంలో మొదట దాచవలసింది మోకాలు. నడిచేవాడి గొంగడి న్యాయం ఇక్కడ తిరగబడుతుంది.

రెండోది చెమట. నూలుబట్ట చెమటను పీల్చి త్వరగా ఆరదు. ఆగి టీ తాగేసరికి అదే మంచుగడ్డలా అంటుకుంటుంది. ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం తేమను పీల్చినా తడిగా తోచదు, వెచ్చదనం వదలదు. యాంఘాయి రౌతు, మన కురుమ, మా గురువు గారు ముగ్గురూ ఉన్నినే నమ్మారు. 1950ల చివర అమెరికాలో డూపాంట్ సంస్థ రసాయనవేత్త జోసెఫ్ షివర్స్ సృష్టించిన సాగే నూలును ఇప్పుడు లైక్రా అంటున్నాం. దానితో కుట్టిన బిగుతు లాగు చైనుకు చిక్కదు, ఒరిపిడి చెయ్యదు. పలుచగా ఉంటుంది గనుక మా పుష్యమాసానికి మోకాలు దాటిన పొడుగుదో, లోపల మెత్తని నూగు ఉన్నదో ఎంచుకోవాలి. నిక్కరే ఇష్టమైతే విడిగా తొడిగే కాలితొడుగులు దొరుకుతాయి. ఎండ ఎక్కగానే విప్పి జేబులో పెట్టుకోవచ్చు.

అంత ఖర్చు అనవసరం అనుకుంటే చుడీదారు చాలు. పైన వదులు, కింద బిగుతు, మోకాలికి స్వేచ్ఛ. మామూలు ప్యాంటైతే కుడి అంచును మేజోడులో దోపండి, లేదా ట్యూబు రబ్బరు కట్టండి. జీన్సు వద్దు. అది ముతక నూలు, తడిస్తే ఆరదు, కుట్లు ఒరుసుకుంటాయి. లుంగీ అసలే వద్దు. పంచ తప్పదనుకుంటే గోచి పోసి కట్టి, కింద మేజోళ్ళు తొడగండి.

మీ ఇంట్లో ఆడపిల్ల సైకిలు మీద బడికి పోతానంటే ఆమె ఏం తొడిగింది అన్న ప్రశ్నను ఆమెకే వదిలెయ్యండి. మోకాలు వెచ్చగా ఉందా, చైనుకు దూరంగా ఉందా అని మాత్రం చూడండి.

లాగు అనే మాటకు మీ జిల్లాల్లో ఏ పేర్లు వాడుకలో ఉన్నాయో తెలియజేస్తే సంతోషిస్తాను. మా వైపు పెద్దవాళ్ళు నిక్కరును కూడా లాగు అనే అంటారు. చల్లడము అనే మాట ఎక్కడైనా ఇంకా పలుకుబడిలో ఉంటే తప్పక రాయండి.