పాటలేని ఆట

మా మనవరాలికి పదకొండు నెలలు. విరుదునగర్‌లో మా అమ్మాయి ఇంట్లో, సాయంత్రం దీపం పెట్టాక, దాని పాదాలు నా పాదాల మీద పెట్టించుకుంటాను. వీపు నా మోకాళ్లకు ఆనించి, రెండు చేతులూ పట్టుకుని దేవరాట్టం అడుగులు వేస్తాను. ఫోనులో ఉరుమి మోగుతుంటుంది. కోవిల్‌పట్టి పక్క పల్లెలో, మా మట్టివాకిట్లో, తాత నాకు ఇలాగే నేర్పాడు.

దేవరాట్టం మా రాజకంబళం నాయకర్లది. విజయనగరం రోజుల్లో దక్షిణానికి దిగివచ్చిన తెలుగువాళ్లం. జక్కమ్మ మా ఇలవేల్పు. 1799 అక్టోబరు 16న కయత్తారులో తెల్లవాళ్లు ఉరితీసిన పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన మావాడే. పూర్వం యుద్ధం గెలిచి వచ్చినప్పుడు ఈ ఆట ఆడేవాళ్లని మా పెద్దలు చెప్పేవారు. నాకు తెలిసినంతలో మాత్రం పెళ్లిళ్లకీ, జక్కమ్మ కొలువుకీ ఆడతారు.

ఉరుమిని మేం దేవదుందుభి అంటాం. నడుము సన్నటి వాద్యం. ఒక వైపు తోలును వంకర పుల్లతో రాస్తే మూలుగులాంటి నాదం వస్తుంది, రెండో వైపు దెబ్బ పడుతుంది. ఆ మూలుగు చెవినపడగానే పాప ఏడుపు మానేసి కళ్లింత చేసుకుని చూస్తుంది. అడుగులు మొదట మెల్లగా, తాపీగా ఉంటాయి. దుందుభి వేగం పెంచేకొద్దీ కాళ్లు దాన్ని అందుకోవాలి. ఆడేవాళ్ల కాళ్లకు గజ్జెలు, చేతిలో రుమాలు ఉంటాయి. మా పాప చేతిలో దాని చొంగగుడ్డ ఉంటుంది.

ఆ రోజుల్లో వీధిలో వరుసకట్టి ఆడేది మగవాళ్లే. ఆ వరుసలో నాకు చోటు లేదు. తాత పాదాల మీద ఉండేది. ఆయన మడమ నేలను తాకిన ప్రతిసారీ ఆ అదురు నా ఒళ్లంతా పాకేది. ఇప్పుడు కాలేజీల్లో ఆడపిల్లలూ దేవరాట్టం ఆడుతుంటే చూసి కళ్లు చెమరుస్తాయి.

ఈ ఆటకు పాట లేదు, దుందుభి మోతే. మేం బడిలో చదివింది తమిళం. తెలుగు లిపి నేను నేర్చుకున్నది నలభై దాటాక. మా ఇళ్లలో తెలుగు మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి. ఈ ఆటలో జారిపోవడానికి మాటే లేదు. ఇంకా మాటలు రాని పిల్లకు అది చక్కగా సరిపోయింది.

కాసేపటికి మోకాళ్లు లాగి ఆగిపోతాను. పాప ఆగదు. నా కాలివేళ్ల మీద మడమలతో తడుతూనే ఉంటుంది.