కోపమును ఆకలియు

భోజనవేళ పిల్లవానిని గద్దించి, పిమ్మట వాడు చాటుగా తీపివస్తువులు తిన్నచో నిగ్రహము లేనివాడని నిందించుట మన యిండ్లలో అరుదు కాదు. ఈ రెంటికి నేమి సంబంధమో కనుగొనుటకు శాస్త్రజ్ఞులకు రెండువందల యేండ్లు పట్టినది.

1822 జూను 6వ తేదీన అమెరికాలోని మాకినా ద్వీపమున, బొచ్చుతోళ్ల వర్తకుల అంగడిలో తుపాకి పొరబాటున పేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను పడవవాని ప్రక్కను చీల్చివైచెను. చచ్చుననుకొన్నవాడు బ్రదికెను గాని కడుపునకు రంధ్రము నిలిచిపోయెను. సైనికవైద్యుడగు విలియం బ్యూమాంట్ అతనిని తన యింట పనికి ఉంచుకొని, 1825 మొదలు, మాంసపు ముక్కలను పట్టుదారమునకు కట్టి ఆ రంధ్రమున దింపి, అవి యెంతసేపటికి కరగునో చూచుచు వచ్చెను. కోపము వచ్చినపుడు కడుపులోపలి పొర యెఱ్ఱబారి యెండిపోవుచుండెనని 1833లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. తన కడుపులోనికి మరియొకడు పలుమారు తొంగిచూచుచుండగా ఎవనికి కోపము రాదు? సెయింట్ మార్టిన్ చెప్పకయే స్వదేశమగు కెనడాకు వెడలిపోయెను గూడ. శాస్త్రము ఆ వైద్యునికంటె ఈ పడవవానికే యెక్కువ ఋణపడియున్నదని నా యభిప్రాయము.

కడుపు మారుట కనబడినది. ఆకలి నేలునది యెక్కడ నున్నది? 1951లో యేల్ విశ్వవిద్యాలయమున బాలకృష్ణ ఆనంద్ అను మన దేశపు వైద్యుడు, జాన్ బ్రోబెక్‌తో కూడి, ఎలుకల మెదడు అడుగుననున్న హైపోథలమస్ అను చిన్నభాగమును ఇరుప్రక్కల చెరచి చూచెను. ఎదుట ఆహారమున్నను అవి ముట్టవయ్యెను. కోపభయములందు గుండెను వేగిరపరచుటలోను ఆ హైపోథలమస్‌నకే పాత్ర కలదు. ఆకలియు ఆవేశమును మెదడులో ఇరుగుపొరుగులన్నమాట.

ఇక నిగ్రహము మాట. 2009లో కాలిఫోర్నియాలో హేర్, కామెరర్, రాంగెల్ అను వారు, ఆహారనియమము పాటించువారి మెదడును పరీక్షించిరి. నుదుటివెనుక నడిమిభాగము ప్రతి తినుబండారమునకును విలువ కట్టుచుండెను. నిగ్రహించుకొన్నవారిలో దాని ప్రక్కభాగము పనికి పూని, రుచితోపాటు ఆరోగ్యమును గూడ ఆ లెక్కలో చేర్పించుచుండెను. 2015లో జ్యూరిచ్ నగరమున హేర్ బృందమువారే కొందరిచేత మంచునీట చేయి ముంచించి, పిమ్మట ఆహారమును ఎన్నుకొమ్మనిరి. వారు ఆరోగ్యమును విడిచి రుచివైపునకే మరింత మ్రొగ్గిరి. ఇంటిలోని గద్దింపు మంచునీటికంటె తక్కువ బాధయని నేననుకొనజాలను. ఆ బాధపడినవారి మెదడులో, విలువ కట్టు భాగమునకును దానిని సరిదిద్దు భాగమునకును నడుమనుండు పొందిక సడలియుండెను.