అయాన్ల ఉలి

ఇంజనీరింగ్‌లో నాతో చదివిన ఫ్రెండొకడు చిప్ డిజైన్‌లో పని చేస్తాడు. కలిసినప్పుడల్లా నన్ను ఏడిపించే మాట ఒకటుంది వాడికి. "మీదేముందిరా, తప్పు చేస్తే సాయంత్రానికి ప్యాచ్ వదుల్తారు. మాది సిలికాన్‌లో అచ్చయిపోయాక ఇంకేం ప్యాచ్?" అంటాడు. మొన్నొకసారి మాత్రం వాడే మాట మార్చాడు. ఫ్యాబ్ నుంచి తిరిగొచ్చిన చిప్‌లో ఒక వైరు వెళ్ళకూడని చోటికి వెళ్ళిందట. మళ్ళీ మాస్కులు చేయించాలంటే వారాలకి వారాలు, బోలెడు డబ్బు. ఈలోపు చిప్‌ని ఒక ల్యాబ్‌కి పంపించి, ఆ ఒక్క వైరూ కోయించి, పక్కన ఇంకో వైరు పోయించుకుని వచ్చారట. చిప్ బతికింది. తప్పు కచ్చితంగా అక్కడే ఉందని తేలింది కాబట్టి ధైర్యంగా కొత్త మాస్కులకి ఆర్డరిచ్చారు.

"కోయడం సరే, దేంతో కోశారు?" అని అడిగా.

"ఫిబ్‌తో" అన్నాడు. అంటే ఫోకస్డ్ అయాన్ బీమ్. అయాన్లని సన్నటి ధారగా చేసి, కావాల్సిన చోట కొట్టే మెషీన్.

"ఎవరు కనిపెట్టార్రా దీన్ని?"

"ఏమో, మెషీన్ మీద కంపెనీ పేరుంటుంది" అన్నాడు.

అక్కడ మొదలైంది నా తవ్వకం. కొన్ని వీకెండ్‌లు పోయాక తేలిందేంటంటే, దీనికి ఫలానా ఆయన కనిపెట్టాడు అని చెప్పుకునే ఒక్క పేరు లేదు. ఒకాయన పరమాణువుల్ని చూడాలనుకున్నాడు. ఇంకొకాయన రాకెట్ నడపాలనుకున్నాడు. ఉలి చెయ్యాలని మాత్రం మొదట్లో ఎవరూ కూర్చోలేదు. ఆ కథే ఈ టపా.

ముందు అసలు ఈ ఉలి ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో వస్తువు మీద ఎలక్ట్రాన్లు పడతాయి. ఇక్కడ వాటి బదులు గాలియం అయాన్లు పడతాయి. గాలియం అయాన్ బరువు ఎలక్ట్రాన్ కంటే దాదాపు 1,27,000 రెట్లు. ఎలక్ట్రాన్ ఒక గోలీకాయ అనుకుంటే గాలియం అయాన్ మారుతి 800 కారన్నమాట. దాన్ని మామూలుగా 30 కిలోవోల్టులతో తోలి గుద్దిస్తే, ఎదురుగా ఉన్న పరమాణువులు లేచిపోతాయి. అదే చెక్కడం. చెక్కే చోట టంగ్‌స్టన్ ఉన్న వాయువునొకదాన్ని సన్నటి గొట్టంలోంచి వదిలితే, బీమ్ తగిలిన చోట ఆ వాయువు విడిపోయి టంగ్‌స్టన్ అక్కడే పేరుకుంటుంది. అదే పోత. పైగా దెబ్బ తగిలినప్పుడు బయటికొచ్చే ఎలక్ట్రాన్లని పట్టుకుంటే బొమ్మ కూడా కనిపిస్తుంది. అంటే కన్నూ, ఉలీ, కరణీ మూడూ ఒకటే.

ఇక చరిత్ర.

నానోటెక్నాలజీ గురించి ఎవరు మాట్లాడినా 1959 డిసెంబర్ 29న కాల్‌టెక్‌లో రిచర్డ్ ఫైన్‌మాన్ ఇచ్చిన ఉపన్యాసంతో మొదలెడతారు. బ్రిటానికా ఎన్‌సైక్లోపీడియా 24 సంపుటాల్నీ గుండుసూది తల మీద రాయొచ్చు అన్నాడాయన. ఎలా రాయాలంటే, మైక్రోస్కోప్ కటకాల్ని తిరగేసి, అయాన్లని వాటిలోంచి పంపి చిన్న చుక్కగా చెయ్యమన్నాడు. అయాన్లనే అన్నాడు, గమనించండి. ఐడియా బావుంది. కానీ ఆ చుక్కలోకి సరిపడా అయాన్లు ఎక్కడినుంచి రావాలి? అప్పటి అయాన్ సోర్సులు బిందెడు నీళ్ళు ఒలకబోసినట్టు ఉండేవి. మనకి కావల్సింది సూది మొనలోంచి వచ్చే ధార.

ఆ సూది అప్పటికే ఒకచోట ఉంది. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఎర్విన్ ముల్లర్ అనే జర్మన్ ప్రొఫెసర్ టంగ్‌స్టన్ సూదిని అతి పదునుగా చేసి, చల్లార్చి, చుట్టూ కాస్త హీలియం ఉంచి, సూదికి వేల వోల్టులు ఇచ్చాడు. సూది మొన దగ్గరికొచ్చిన హీలియం పరమాణువు ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని అయాన్ అయి, దూసుకెళ్ళి తెర మీద పడుతుంది. తెర మీద కనబడే ఒక్కో చుక్కా మొన మీదున్న ఒక్కో పరమాణువుకి గుర్తు. 1955 అక్టోబర్ 11న ముల్లర్, ఆయన పీహెచ్‌డీ విద్యార్థి కలిసి మనిషి కంటికి మొదటిసారి విడివిడి పరమాణువుల్ని చూపించారు. ఆ విద్యార్థి పేరు కన్వర్ బహదూర్. మన దేశస్థుడు. పరమాణువు గురించి డెమోక్రిటస్ నుంచి కణాదుడి దాకా చదివించిన నా స్కూలు, కాలేజీ పుస్తకాల్లో ఎక్కడా ఈయన పేరు చూసిన గుర్తు లేదు. కణాదుడు ఊహించాడని ఛాతీ విరుచుకుంటాం గానీ, కళ్ళారా చూసినవాణ్ణి మర్చిపోయాం!

ముల్లర్ సూదిని మైక్రోస్కోప్ లాగా కాక అయాన్ల కుళాయి లాగా వాడుకోవచ్చని తర్వాత కొందరికి తట్టింది. 1970ల మధ్యలో షికాగో యూనివర్సిటీలో రికార్డో లెవీ-సెట్టి, ఒరెగాన్‌లో జాన్ ఆర్లోఫ్, లిన్‌వుడ్ స్వాన్సన్ ఇలాంటి వాయు సూదులతో మొదటి ఫోకస్డ్ అయాన్ బీమ్‌లు కట్టారు. లెవీ-సెట్టి కణ భౌతిక శాస్త్రవేత్త, పైగా ట్రైలోబైట్ శిలాజాల మీద పుస్తకం రాసిన మనిషి. కోట్ల ఏళ్ళ నాటి పురుగుల కళ్ళ గురించీ ఆలోచించేవాడు, పరమాణువుల గురించీ ఆలోచించేవాడు. స్వాన్సన్ అయితే 1971లోనే కొంతమందితో కలిసి ఎఫ్ఈఐ అనే చిన్న కంపెనీ పెట్టాడు, ఇలాంటి సూది మొనలు చేసి అమ్మడానికి. కానీ వాయు సూదితో చిక్కేంటంటే కరెంట్ చాలా తక్కువ, చల్లార్చడం పెద్ద తలనొప్పి. చూడ్డానికి పనికొచ్చేది గానీ చెక్కడానికి చాలేది కాదు.

అసలు మలుపు రాకెట్ల వైపు నుంచి వచ్చింది. ద్రవ లోహాన్ని బలమైన విద్యుత్ క్షేత్రంలో పెడితే దాని ఉపరితలం మొనదేలి, ఆ మొనలోంచి చార్జి ఉన్న బొట్లు ఎగిరిపోతాయి. వాటిని వెనక్కి విసిరితే వ్యోమనౌక ముందుకి పోతుంది కదా! 1961లో విక్టర్ క్రోన్ చేస్తున్న ప్రయోగాలు ఈ ఆలోచన మీదే. ఆయనకి కావల్సింది బరువైన బొట్లు. బొట్లతో పాటు అయాన్లు కూడా వచ్చేవి. 1964లో ఇంగ్లండ్‌లో జి. ఐ. టేలర్ ఆ మొన శంకువులాగా ఎందుకు నిలబడుతుందో లెక్క కట్టి, దాని అర్ధకోణం 49.3 డిగ్రీలని తేల్చాడు. ఇప్పటికీ దాన్ని టేలర్ శంకువనే అంటారు. టేలర్ బుర్రలో ఉన్నవి విద్యుత్ క్షేత్రంలో చిట్లే నీటి బొట్లు. చిప్‌లూ కావు, రాకెట్లూ కావు.

1975లో క్రోన్, ఆర్గాన్ నేషనల్ ల్యాబ్‌లో రింగో అనే సహచరుడితో కలిసి ఇదే తంతు గాలియంతో చేసి, ఎంత ప్రకాశవంతమైన అయాన్ ధార వస్తుందో చూపించాడు. ఒకప్పుడు బొట్లకి తోడుగా వచ్చిన అయాన్లే ఇప్పుడు అసలు సరుకయ్యాయి. గాలియమే ఎందుకంటే, అది 29.8 డిగ్రీలకే కరుగుతుంది. మన ఎండాకాలంలో బల్ల మీద పెడితే చాలు, నీరైపోతుంది. ఒకసారి కరిగాక చల్లబడినా ఒక పట్టాన గడ్డకట్టదు. అలాగని శూన్యంలో ఆవిరైపోదు. టంగ్‌స్టన్ సూదికి గాలియం పూత పూస్తే ఆ మొనలోంచి వందల గంటలు అయాన్లు వస్తూనే ఉంటాయి. ఇక్కడొక చిన్న తమాషా. మెండలీవ్ 1871లో ఖాళీ గడి వదిలి, ఇక్కడొక మూలకం ఉండాలి అన్నాడు. 1875లో ఫ్రాన్స్‌లో బోయ్‌బోద్రాన్ దాన్ని పట్టుకున్నాడు. అదే గాలియం. సరిగ్గా నూరేళ్ళకి దానికి ఈ ఉద్యోగం దొరికింది :)

1979లో కాలిఫోర్నియాలోని హ్యూస్ రీసెర్చ్ ల్యాబ్స్‌లో సెలిగర్ బృందం గాలియం సోర్సుకి కటకాలు తగిలించి, మైక్రాన్‌లో పదో వంతు చుక్కని చూపించింది. ఉలి తయారైంది. 1980లలో చిప్ కంపెనీలు ఎగబడ్డాయి. మాస్కుల మీద మచ్చలు చెరపడానికి, చిప్‌లో వైర్లు తెంపి కలపడానికి, పాడైన చోట నిలువునా కోసి లోపల చూడ్డానికి. మా వాడు చేయించింది ఆ సంప్రదాయంలో తాజా రిపేరన్నమాట. ఇదే ఉలితో స్మార్ట్‌కార్డుల రహస్యాలు లాగొచ్చని 1990ల్లోనే సెక్యూరిటీ వాళ్ళు పట్టుకున్నారు. ఉలికి శిల్పీ దొంగా ఒకటే కదా.

మెటీరియల్స్ సైన్స్ వాళ్ళ చేతికి ఇది వచ్చింది ఆ తర్వాతే, అదీ చిప్ వాళ్ళ డబ్బుతో పెరిగిన మెషీన్ల రూపంలో. వాళ్ళ కష్టం వేరు. ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడాలంటే ముక్క 100 నానోమీటర్ల కంటే పల్చగా ఉండాలి. పాత పద్ధతిలో రోజుల తరబడి అరగదీసి, మధ్యలో చిన్న చిల్లు పడేదాకా పల్చన చేసి, ఆ చిల్లు అంచున మనకి కావల్సిన చోటు పడిందేమో అని దేవుడికి దణ్ణం పెట్టుకోవడమే. ఫిబ్ వచ్చాక ఆ దణ్ణం అవసరం తప్పింది. 1989లో కేంబ్రిడ్జ్ వాళ్ళు చిప్‌లో సరిగ్గా కావల్సిన చోటినే పల్చటి గోడలాగా చెక్కి చూపించారు. 1993లో ఫిలిప్స్ వాళ్ళు ఆ గోడని చుట్టూ కోసి, అక్కణ్ణించి లేవనెత్తే పద్ధతి రాశారు. 1998లో ఎబ్బెసెన్ బృందం వెండి పొరలో కాంతి తరంగం కంటే చిన్న చిల్లుల్ని వరసగా ఫిబ్‌తో పొడిస్తే, పాత సిద్ధాంతం ఒప్పుకున్న దానికంటే చాలా ఎక్కువ వెలుగు అవతలికి వచ్చింది. దాని మీద ఒక పెద్ద పరిశోధనా రంగమే లేచింది.

ఇప్పుడు నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యం అనిపించిన భాగం.

2004లో అమెరికా ఎయిర్‌ఫోర్స్ రీసెర్చ్ ల్యాబ్‌కి చెందిన మైకేల్ ఉచిక్ బృందం ఫిబ్‌తో నికెల్‌లో మైక్రాన్ల సైజు స్తంభాలు చెక్కి, పైనుంచి నొక్కి చూసింది. స్తంభం ఎంత సన్నబడితే అంత గట్టిగా నిలబడింది! మరుసటేడు స్టాన్‌ఫర్డ్‌లో జూలియా గ్రీర్, విలియం నిక్స్ బంగారంతో చేస్తే అదే తంతు. చిన్నదైతే బలం. అందరూ స్తంభాలు చెక్కడం మొదలెట్టారు.

అప్పుడొక ఇబ్బందికరమైన ప్రశ్న వచ్చింది. ఈ స్తంభాన్ని చెక్కింది గాలియం అయాన్లతో. అవి పైపైన తాకి ఊరుకోవు, కొన్ని పదుల నానోమీటర్ల లోపలికి దూరి అక్కడే ఉండిపోతాయి, స్ఫటికం వరసని చెదరగొడతాయి. సన్నటి స్తంభంలో ఆ చెదిరిన పొర వాటా ఎక్కువ. మరి మనం కొలిచింది లోహం బలాన్నా, ఉలి చేసిన గాయాన్నా?

దీన్ని తేల్చడానికి ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబ్ దగ్గర హాంగ్‌బిన్ బే, ఈసో జార్జ్, జార్జ్ ఫార్ వాళ్ళ బృందం 2007లో చేసిన పని నాకు తెగ నచ్చింది. వాళ్ళు ఉలి ముట్టుకోలేదు. నికెల్-అల్యూమినియం మిశ్రమంలో మాలిబ్డినం సన్నటి పోగులుగా గడ్డకట్టేలా చేసి, చుట్టూ ఉన్నదాన్ని యాసిడ్‌తో కరిగించేశారు. పోగులు స్తంభాలుగా మిగిలాయి. వాటిని నొక్కితే చిన్నవీ పెద్దవీ అన్నీ సిద్ధాంతం చెప్పే గరిష్ఠ బలానికి దగ్గర్లోనే లొంగాయి. సైజుతో పని లేదు! అదే మాలిబ్డినం స్ఫటికం ఉపరితలాన్ని ఫిబ్‌తో చెక్కి చూస్తే ఆ బలం పడిపోయింది. అదే ఏడు కీనర్ బృందం రాగిలో ఫిబ్ చేసే గాయాన్ని కొలిచి హెచ్చరించింది. దాంతో ఉచిక్ ఫలితం అబద్ధమైపోలేదు. లోపలున్న లోపాలు ఎన్ని, ఎలాంటివి అన్నది సైజు ఎంత ముఖ్యమో అంత ముఖ్యమని తేలింది. ప్రశ్న ఇంకా పదునెక్కింది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ప్రోగ్రాంలో బగ్ పట్టుకుందామని ప్రింట్ లైన్లు పెడితే టైమింగ్ మారి బగ్గే మాయమైపోతుంది. డీబగ్గర్ తీసేస్తే మళ్ళీ ప్రత్యక్షం. తేడా ఏంటంటే మనం తిట్టుకుని టీ తాగడానికి వెళ్తాం, వాళ్ళు డీబగ్గర్ లేకుండా అదే బగ్‌ని ఎలా చూడాలో ఏళ్ళు పట్టి కనిపెట్టారు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. గాయం తగ్గించడానికి ఆఖరి మెరుగు తక్కువ వోల్టేజీలో పెట్టడం అలవాటైంది. గాలియం బదులు పెద్ద పనులకి జెనాన్ వచ్చింది. 2006లో బిల్ వార్డ్, జాన్ నోటీ, నిక్ ఎకనమూ హీలియం అయాన్ మైక్రోస్కోప్ తెచ్చారు. దాని గుండె ఏంటో తెలుసా? మొన మీద మూడంటే మూడు పరమాణువులు ఉన్న ఒక సూది, చుట్టూ హీలియం. ముల్లర్, కన్వర్ బహదూర్ 1955లో కూర్చున్న సూది దగ్గరికే యాభై ఏళ్ళ తర్వాత తిరిగొచ్చారన్నమాట. రాకెట్ ఐడియా కూడా ఊరికే పోలేదు. ద్రవ ఇండియంతో నడిచే ఆస్ట్రియా వాళ్ళ చిన్న ఇంజన్లు 2018 నుంచి అంతరిక్షంలో ఉపగ్రహాల్ని నెడుతున్నాయి.

ఇదంతా చదివాక నాకనిపించింది ఒకటే. మా కాలేజీలో ల్యాబ్ అంటే ఆసిల్లోస్కోప్ చూపించిన నంబర్ని రికార్డులో రాసి సంతకం పెట్టించుకోవడమే. ఆ నంబర్ని పుట్టించే పెట్టె ఎలా వచ్చింది, అది ఎక్కడ అబద్ధం చెప్తుంది అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. పరికరం కొనుక్కోవడం చదువనుకున్నాం. పరికరాన్ని అనుమానించడం కూడా చదువేనని ఆ మాలిబ్డినం స్తంభాలు చెప్తున్నాయి.

మొన్న మా వాడికి ఇదంతా ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విని, "అంటే మా చిప్‌లో కూడా గాలియం మిగిలిపోయి ఉంటుందంటావా?" అన్నాడు.

ఉంటుందన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ కోసిన చిప్‌ల మీద తీసిన లీకేజీ రీడింగులు ఒకసారి మళ్ళీ చూస్తారా" అని పెట్టేశాడు.