నమూనా వ్యాగన్: ఒక వస్తువులో అనేక కాలాలు

1. ప్రస్తావన
గూడ్సు వ్యాగన్ నమూనా తయారుచేసేవారు ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది ఏ సంవత్సరపు వ్యాగన్? నిజమైన వ్యాగన్ దశాబ్దాల పాటు పనిచేస్తుంది. ఆ కాలంలో దాని అక్షరాలు, బ్రేకులు, కప్లింగులు మారవచ్చు. కాబట్టి 'పాత వ్యాగన్' అనే మాట నమూనాకూ చాలదు, చరిత్రకూ చాలదు. భౌతిక ఆధారాన్ని దాని కాలంలో నిలపడం ఎలాగో ఈ భాగంలో పరిశీలిద్దాం.

2. రామన్నపేట ఉదాహరణ
మీరు రామన్నపేట స్టేషన్ నమూనా చేస్తున్నారనుకోండి. అందులో నిజాం రాష్ట్ర రైల్వే అక్షరాలున్న వ్యాగన్‌ను నిలపవచ్చా? ఆ రైల్వే 1951 నవంబరు 5న సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది. బీబీనగర్ మీదుగా కాజీపేట వెళ్ళే మార్గం 19వ శతాబ్దంలోనే ఏర్పడింది. కాని బీబీనగర్ నుంచి రామన్నపేట, నల్లగొండల మీదుగా నడికుడికి వెళ్ళే మార్గం 1980వ దశకంలో గాని పూర్తికాలేదు. అంటే ఆ వ్యాగన్ నిజమే, ఆ స్టేషన్ నిజమే. రెండింటినీ కలిపిన దృశ్యం మాత్రం కాలవిరుద్ధం.

3. మార్పుల క్రమం
1940లలో తయారైన ఒక నిజాం రైల్వే వ్యాగన్‌ను ఊహించండి. 1951 తరువాత దానిపై సెంట్రల్ రైల్వే గుర్తు రావాలి. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, వ్యాగన్ దాని కిందికి వస్తే గుర్తు మళ్ళీ మారాలి. ఇంతవరకు రంగు, కుంచె ఉంటే చాలు.

కప్లింగుల సంగతి వేరు. పాత నాలుగు చక్రాల వ్యాగన్లకు పక్కల బఫర్లు, మధ్యలో స్క్రూ కప్లింగ్ ఉండేవి. కార్మికుడు రెండు వ్యాగన్ల నడుమకు దూరి దాన్ని చేత్తో బిగించాలి. తరువాత వచ్చిన సెంటర్ బఫర్ కప్లర్ వ్యాగన్లు తాకగానే దానంతట అదే పట్టుకుంటుంది. ఈ మార్పు ఒక్కసారిగా రాలేదు. పాతవాటితో కలపడానికి వీలుగా కొన్ని వ్యాగన్లకు సెంటర్ కప్లర్‌తో పాటు పక్క బఫర్లూ ఉంచారు.

1980లలో ఎయిర్ బ్రేకులతో వచ్చిన ఎనిమిది చక్రాల బాక్స్‌ఎన్ వ్యాగన్ బరువు సరుకుతో సహా సుమారు 81 టన్నులు. తరువాతి రకాలలో ఇది 91.6 టన్నులకు చేరింది. ఈ దశకు నాలుగు చక్రాల నమూనాను సవరించి లాభం లేదు. దాన్ని పట్టాల మీద నుంచి తీసి, కొత్త నమూనా పెట్టాలి. ఏది కనుమరుగైందో చూపడం కూడా చరిత్రే.

4. నమూనాలో ఎవరు మాయమవుతారు?
సౌకర్యం కోసం 1950ల వ్యాగన్‌కు సెంటర్ కప్లర్ బిగిస్తే బొమ్మ చక్కగా నడుస్తుంది. కాని బఫర్ల మధ్య ప్రాణాలకు తెగించి నిలబడిన కార్మికుడి ఆనవాలు చెరిగిపోతుంది. చిన్న పొరపాటే అయినా ఒక శ్రమ చరిత్రను కప్పేస్తుంది.

5. అభ్యాసం
నేటి వ్యాగన్‌పై 11 అంకెల సంఖ్య ఉంటుంది. అందులో 5, 6 అంకెలు తయారైన సంవత్సరాన్ని సూచిస్తాయి. ఈ సంఖ్యా పద్ధతి వచ్చాక పాత వ్యాగన్లకూ దాన్ని వేశారు. అందువల్ల ఆ అంకెలు వ్యాగన్ వయసు చెబుతాయే గాని రాత వయసు చెప్పవు. ప్లాట్‌ఫాం మీద నుంచే ఒక గూడ్సు బండిని గమనించి, మూడు వ్యాగన్ల సంవత్సరాలు రాసుకోండి. ప్రతి దానిలోనూ తయారైన నాటివేవి, తరువాత చేరినవేవి అని మీకు అనిపించినవి, కారణాలతో ఒక పేజీ రాయండి.