క్రైస్తవ పూర్వగ్రంథములలోని అరమీయోపనామములు: వాని తెలుఁగు రూపములు

చిక్కడపల్లి గ్రంథాలయమున నొకనాఁడు నేను తెలుఁగు బైబిలును బరిశీలించుచుండఁగా నారాయణగూడనుండి చదువుకొన వచ్చిన విద్యార్థి యొకఁడు "తోమాకు దిదుమ యనునది యింటిపేరా?" యని యడిగెను. అడిగినవాఁడు బాలుఁడే యైనను సమాధానము సులభము గాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గలిలయ యూదయ దేశముల జనులు ప్రధానముగా మాటలాడినది అరమీయ భాష. క్రొత్త నిబంధన వ్రాయఁబడినది గ్రీకున. కావున నందలి యుపనామములనేకములు అరమీయమునఁ బుట్టి, గ్రీకు ప్రత్యయములు దాల్చి, తెలుఁగునకు వచ్చినవి. ఈ దారిలో నర్థమెచ్చట నిలిచినది, యెచ్చటఁ జెడినది యనునదే యిచ్చట విచార్యము.

అరమీయమునఁ దోమా యనఁగాఁ గవల. దిదుమ యనునది దానికి గ్రీకు పదము. దిదుమ యనఁబడిన తోమా యనుట కవల యనఁబడిన కవల యనుటయే. రెండును ఇంటిపేరులు గావు. నిజము చెప్పవలసినచో నసలు పేరులును గావు. సిరియా భాషలోని తోమా చరిత్రమున నతనికి యూదా యను పేరు కలదు.

'బర్' అను పదము తోడి పేరులు మఱియొక జాతివి. బర్ అనఁగా గుమారుఁడు. సీమోను బర్‌యోనా యనఁగా యోనా కుమారుఁడగు సీమోను. వేటూరి, నిడుదవోలు, మల్లంపల్లి వంటి మన యింటిపేరులు గ్రామమునుండి పుట్టి తరతరములు నడచును. బర్ తోడి పేరు ఒక్క తరముతో ముగియును. కుమారుని కుమారునకది చెల్లదు. బర్తొలొమయి యను పేరువలన నా శిష్యుని తండ్రి తల్మయి యని మాత్రమే తెలియును. అతని సొంత పేరు నతనయేలని తరువాతి వ్యాఖ్యాతలు చెప్పినది యూహయే. తీమయి కుమారుఁడగు బర్తిమయి యని మార్కు వ్రాసినది గ్రీకు పాఠకులకుఁ జేసిన టీక. అరమీయ మెఱిఁగినవారికది పునరుక్తి.

ఐనను బర్ శబ్దము తండ్రినే తెలుపునని నియమము లేదు, గుణమునుగూడఁ దెలుపును. యోసేపను లేవీయునకు అపొస్తలులు పెట్టిన పేరు బర్నబా. దీనిని మన ప్రతిలో హెచ్చరిక పుత్రుఁడని యర్థము చెప్పిరి. గ్రీకు మూలమునందలి పదమునకు ఊరట, ప్రోత్సాహము, ప్రబోధము అను నర్థములు గలవు. హెచ్చరిక యన్న నేఁటి పాఠకునకు బెదిరింపు తోఁచును గాని యూరట తోఁపదు. పుత్ర శబ్దము మాత్రము మనకుఁ జక్కఁగా నమరినది. విద్వాంసుని సరస్వతీపుత్రుఁడనుట మనకు వాడుకయే కదా! అట్లుండఁగా బోయనేర్గెసు అను పేరు దగ్గఱ 'ఉరుము కుమారులు' అనక 'ఉరిమెడువారు' అని యేల మార్చిరో! ఒకచోటఁ బుత్రునుంచి మఱియొకచోటఁ దీసివేయుట నాకు సమంజసముగాఁ దోఁపదు. బర్సబ్బా యనఁబడిన యోసేపునకు యూస్తు అనునది 'మారుపేరు' అని వ్రాసిన యనువాదకులు మాత్రము సరియైన మాటను బట్టుకొనిరి. పైఁజెప్పిన తోమా, బర్నబా మొదలగువానికిని ఈ మాటయే తగును.

అర్థము పూర్తిగాఁ జెడినది కనానీయుఁడైన సీమోను విషయమున. ఇతఁడు యూదుఁడు, కనాను జాతివాఁడు గాఁడు. అరమీయమున 'కన్‌ఆనా' యనఁగా మతాభిమానమునఁ దీవ్రుఁడు. లూకా దానినే గ్రీకునకు మార్చి జెలోతే యనెను. గ్రీకున కనాను దేశపు పేరు 'ఖి' యను నక్షరముతోను, ఈ యుపనామము 'కప్ప' యను నక్షరముతోను మొదలగును. తెలుఁగున రెండును గకారమే యగుటచేఁ దేడా మాసిపోయినది. ఆదికాండమునఁ గనానీయులను జదివిన బాలుఁడు ఈ సీమోనునుగూడ వారిలోఁ జేర్చుకొనుట యాశ్చర్యము గాదు. పాఠము చెప్పు పండితు లీ యొక్కటియైన సవరించి చెప్పవలెను.

మగ్దలేనే మరియ యన్నది మన చెవికి నిక్కముగా నింటిపేరే. ఊరి పేరు ముందు, మనిషి పేరు వెనుక. ఐతే మగ్దలా యనునది యూరు. చివరి 'నే' గ్రీకు స్త్రీలింగ ప్రత్యయము. వేటూరునుండి వేటూరి వచ్చినట్లు మన విభక్తి చేరినది కాదు. మగ్దలా మరియ యన్నచో సరిపోవును.

ఇఁక ఇస్కరియోతు. దీనిని గెరీయోతు ఊరివాఁడని పలువురు వ్యాఖ్యానింతురు. లాటినున గత్తివాఁడను పదమునుండి తెచ్చువారును గలరు. మొదటి పక్షమున 'ఇష్' హీబ్రూ పదమగుటచే నిది యచ్చమైన యరమీయము గాదు. నేను మొదటి పక్షమునే గ్రహింతును. యోహాను సువార్తలోఁ గొన్ని ప్రాచీన ప్రతులు ఈ పేరును యూదాకుఁ గాక యతని తండ్రియగు సీమోనునకుఁ జేర్చుచున్నవి. మన తెలుఁగు ప్రతియు నట్లే. ఊరినుండి పుట్టి, తండ్రినుండి కొడుకునకు వచ్చినచో, మన యర్థమున నింటిపేరనఁ దగినది ఆ పన్నిద్దఱిలో నీ యొక్కనికే కనఁబడుచున్నది.