పీడనంతో నింపిన జిగురు ఉత్పత్తుల దహనశీలత: ప్రమాదకర సరుకుల రవాణా వర్గీకరణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రమాదకర సరుకుల రవాణాలో ఒక వస్తువు 'మండేది' అవునో కాదో తేల్చడం రసాయనశాస్త్రానికి మాత్రమే చెందిన పనిగా కనిపిస్తుంది. పీడనంతో నింపిన జిగురు ఉత్పత్తుల చరిత్ర ఈ అభిప్రాయాన్ని సవరిస్తుంది. ఒకే జిగురు మామూలు డబ్బాలో ఒక తరగతికి, పిచికారీ డబ్బాలో మరొక తరగతికి చెందుతుంది. పెద్ద సిలిండరులోకి మారినప్పుడు దాని గుర్తింపు సంఖ్య మళ్ళీ మారుతుంది. ఈ విభజన ఏ పరిస్థితులలో ఏర్పడిందో, రైలు ప్రమాదాలు, యుద్ధకాల పరిశోధన, ఓజోన్ రక్షణ, గిడ్డంగి అగ్నిప్రమాదాలు దానిని ఎలా తీర్చిదిద్దాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దహనశీలత, ఏరోసాల్, చోదక వాయువు, జిగురు, ప్రమాదకర సరుకులు, ఐక్యరాజ్యసమితి సిఫారసులు, దహనోష్ణం.

1. ఉపోద్ఘాతం

చెక్కపై లామినేట్ షీట్లు, నేలపై తివాచీలు, సోఫాలలో నురుగు దిండ్లు అతికించడానికి నేడు పిచికారీ జిగురును విస్తృతంగా వాడుతున్నారు. ఇటువంటి జిగురులో సాధారణంగా మూడు భాగాలుంటాయి. అతికే గుణాన్నిచ్చే రబ్బరు లేదా రెసిన్ మొదటిది. దానిని పలుచన చేసే ద్రావణి రెండవది. ఈ రెంటినీ బయటికి నెట్టే చోదక వాయువు మూడవది. ఎండిన తరువాత మిగిలేది మొదటి భాగం మాత్రమే. రవాణాలో అగ్నిభయానికి ప్రధాన కారణాలు మిగిలిన రెండూ. కనుక ఈ ఉత్పత్తుల వర్గీకరణ చరిత్ర చాలావరకు ద్రావణులు, చోదక వాయువుల చరిత్రే.

2. రైలు పెట్టెల నుంచి నారింజరంగు పుస్తకం దాకా

1905 మే 11న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, హారిస్‌బర్గ్ సమీపంలో పేలుడు పదార్థాలున్న రైలు ప్రమాదానికి గురై 20 మందికి పైగా మరణించారు. రెండేళ్ళ తరువాత, 1907లో, రైల్వే కంపెనీలు తమ సంఘం తరఫున పేలుడు పదార్థాల బ్యూరోను నెలకొల్పాయి. 1908లో అమెరికన్ కాంగ్రెస్ పేలుడు పదార్థాల రవాణాపై చట్టం చేసింది. సరుకును పరీక్షించి, పేరు పెట్టి, దానికి తగిన ప్యాకింగును నిర్దేశించే పద్ధతి ఈ కాలంలో బలపడింది. పిచికారీ డబ్బాలు ఇంకా పుట్టని ఆ రోజులలో స్థిరపడిన ఈ పద్ధతే తరువాత వాటికీ వర్తించింది.

ఆయా దేశాలు, ఆయా రవాణా మార్గాలు వేర్వేరు నిబంధనలు పాటించడం వల్ల అంతర్జాతీయ వాణిజ్యానికి ఇబ్బంది కలిగింది. దీనిని తొలగించడానికి ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలి 1953లో నిపుణుల సంఘాన్ని నియమించింది. ఆ సంఘం సిఫారసులు 1956లో తొలిసారి వెలువడ్డాయి. అట్ట రంగును బట్టి ఈ గ్రంథానికి 'నారింజరంగు పుస్తకం' అనే పేరు వచ్చింది. ఇందులో వాయువులది 2వ తరగతి, మండే ద్రవాలది 3వ తరగతి. వాయువును, ద్రవాన్ని ఒకే డబ్బాలో నింపే ఏరోసాల్ ఈ రెంటికీ నడుమ నిలిచింది. చివరకు దానిని వాయువుల తరగతిలో చేర్చి యు.ఎన్. 1950 సంఖ్యను కేటాయించారు.

3. మండని చోదక వాయువుల కాలం

పీడనంతో ద్రవాన్ని చిమ్మే డబ్బాకు 1920ల చివరి భాగంలో పేటెంటు పొందినవాడు నార్వే ఇంజనీరు ఎరిక్ రోథైమ్. అయితే దానికి విస్తృత ప్రయోజనం కల్పించింది రెండవ ప్రపంచయుద్ధం. దోమకాటుతో మలేరియా బారిన పడుతున్న సైనికుల కోసం అమెరికా వ్యవసాయశాఖ పరిశోధకులు లైల్ గుడ్‌హ్యూ, విలియం సలివన్ కీటకనాశినిని చిమ్మే పరికరాన్ని రూపొందించారు. దీనికి 1943లో పేటెంటు లభించింది. ఇందులో చోదక వాయువు ఫ్రియాన్-12 అనే క్లోరోఫ్లోరోకార్బన్. అది మండదు. గుడారంలోను, విమానంలోను నిప్పు భయం లేకుండా వాడడానికి ఈ గుణమే వీలు కల్పించింది.

రాబర్ట్ అబ్‌ప్లనాల్ప్ 1949లో రూపొందించి 1953లో పేటెంటు పొందిన చవకైన వాల్వు వల్ల బరువైన ఉక్కు పాత్ర స్థానంలో పలుచని రేకు డబ్బా వచ్చింది. రంగులు, కేశ సాధనాలు, జిగుర్లు క్రమంగా ఈ డబ్బాలలోకి చేరాయి. డబ్బాలోని ద్రావణి మండేదైనప్పుడు చోదక వాయువు ఒక్కటే మండకపోతే సరిపోదు. కనుక బ్యూరో పరీక్షలు చిమ్మిన తుంపరను పరిశీలించాయి. వాల్వును పూర్తిగా తెరిచినప్పుడు మంట 18 అంగుళాలకు మించి సాగినా, ఎంత తెరిచినా మంట వెనక్కి వచ్చి వాల్వును తాకినా ఆ ఉత్పత్తిని మండేదిగా లెక్కించారు. దీనితోపాటు పీపాలోకి తుంపరను చిమ్మి, మంట వ్యాపిస్తుందా, పేలుడు జరుగుతుందా అని చూసే పరీక్షలు కూడా ఉండేవి.

4. ఓజోన్ రక్షణ – అగ్నిభయం

1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను క్షీణింపజేయగలవని హెచ్చరించింది. అత్యవసరం కాని ఏరోసాళ్ళలో వాటి వాడకాన్ని అమెరికా 1978లో నిషేధించింది. 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం 1992లో అందులో చేరి, 2000లో ఓజోన్‌ను క్షీణింపజేసే పదార్థాల నియంత్రణ నియమావళిని రూపొందించింది.

ఖాళీ అయిన ఆ స్థానంలోకి ప్రొపేన్, బ్యూటేన్, ఐసోబ్యూటేన్, డైమిథైల్ ఈథర్ వచ్చాయి. ప్రొపేన్, బ్యూటేన్ అంటే మన వంటగ్యాస్‌లో ప్రధానంగా ఉండే వాయువులే. అవి చవకైనవి, ఓజోన్‌కు హాని చేయవు. అయితే సులభంగా అంటుకుంటాయి. ఒక ప్రమాదాన్ని ఆకాశం నుంచి తప్పించే క్రమంలో మరొక ప్రమాదం లారీలోకి, ఓడలోకి, గిడ్డంగిలోకి చేరింది. ఈ మార్పు అవసరమైనదే. దానికి అనుగుణంగా వర్గీకరణ పద్ధతులను పదునుపెట్టుకోవలసి వచ్చింది.

5. గిడ్డంగి నేర్పిన కొలత

1982 జూన్ 21న పెన్సిల్వేనియాలోని ఫాల్స్ టౌన్‌షిప్‌లో సుమారు 12 లక్షల చదరపు అడుగుల కె-మార్ట్ పంపిణీ గిడ్డంగి కాలిపోయింది. కార్బ్యురేటర్ శుభ్రపరిచే ఏరోసాల్ డబ్బాల పెట్టె కింద పడటంతో మంట మొదలైంది. డబ్బాలు పేలి, మండుతూ ఎగిరి దూరంగా పడటంతో అగ్ని ఒక విభాగం నుంచి మరొక విభాగానికి పాకింది. ఆ గిడ్డంగిలో నీటిని చిమ్మే రక్షణ వ్యవస్థ ఉన్నప్పటికీ ప్రయోజనం లేకపోయింది.

తుంపర ఎంత దూరం మండుతుందన్న ప్రశ్న వినియోగదారుడి చేతిలోని ఒక డబ్బాకు సరిపోతుంది. వేల డబ్బాలు ఒకచోట ఉన్నప్పుడు అవి మొత్తంగా ఎంత వేడిని విడుదల చేస్తాయన్నదే కీలకం. అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంఘం 1990లో వెలువరించిన 30బి ప్రమాణం ఏరోసాళ్ళకే ప్రత్యేకించినది. అది దహనోష్ణం ఆధారంగా వాటిని మూడు స్థాయిలుగా విభజించింది. గ్రాముకు 20 కిలోజౌళ్ళ వరకు మొదటి స్థాయి, 20 నుంచి 30 వరకు రెండవది, 30కి మించితే మూడవది. ఈ 20, 30 అనే అంకెలే రవాణా వర్గీకరణలోనూ కనిపిస్తాయి.

6. నేటి ప్రమాణాలు

ఐక్యరాజ్యసమితి సిఫారసుల ప్రకారం ఏరోసాల్‌లో బరువు లెక్కన 85 శాతం లేదా అంతకుమించి మండే భాగాలుండి, దహనోష్ణం గ్రాముకు 30 కిలోజౌళ్ళు లేదా ఎక్కువైతే, పరీక్ష లేకుండానే అది మండే వాయువుల విభాగమైన 2.1కి చెందుతుంది. మండే భాగాలు 1 శాతం మించకుండా, దహనోష్ణం 20 కిలోజౌళ్ళ కంటే తక్కువైతే 2.1లో చేరదు. వేరే ప్రమాదం లేనప్పుడు దాని స్థానం 2.2. ఈ రెంటికీ మధ్యనున్న వాటికి పరీక్షలు అవసరం.

తుంపరగా వెలువడే వాటిని బర్నర్ మంట వైపు చిమ్మి, ఎంత దూరం నుంచి అంటుకుంటుందో కొలుస్తారు. 75 సెంటీమీటర్లు లేదా అంతకుమించిన దూరం నుంచి అంటుకుంటే అత్యంత దహనశీలం. అంతకంటే తక్కువ దూరమైనా, దహనోష్ణం 20 కిలోజౌళ్ళు దాటిన తుంపర మండేదే. దహనోష్ణం అంతకు తక్కువైనప్పుడు 15 సెంటీమీటర్ల దూరం ప్రమాణమవుతుంది. అక్కడా అంటుకోకపోతే, లోపల కొవ్వొత్తి వెలుగుతున్న సుమారు 200 లీటర్ల పాత్రలోకి చిమ్మి, అంటుకోవడానికి పట్టిన కాలాన్ని, ఖర్చయిన పదార్థాన్ని లెక్కిస్తారు. నురుగుగా వచ్చే వాటికి మంట ఎత్తును, అది నిలిచిన కాలాన్ని కొలుస్తారు. మంట సాగే దూరం, పీపా ప్రయోగం రైల్వే బ్యూరో కాలపు ఆలోచనను గుర్తుచేస్తాయి. దహనోష్ణం గిడ్డంగుల అనుభవానికి సంబంధించినది. వేర్వేరు కాలాల భయాలు ఇలా ఒకే పట్టికలో పొరలుగా నిలిచాయి.

7. ఒకే జిగురు – మూడు సంఖ్యలు

పాత్ర మారితే వర్గీకరణ మారడం జిగురు విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. మామూలు డబ్బాలోని మండే ద్రావణి గల జిగురు యు.ఎన్. 1133, అది 3వ తరగతి. ఇక్కడ నిర్ణాయకం ఫ్లాష్ పాయింట్, అంటే ద్రవం నుంచి వెలువడే ఆవిరి నిప్పు సోకితే అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రత. చిక్కని జిగుర్లకు ఇందులో కొంత సడలింపు ఉంది. నిర్ణీత చిక్కదనం ఉండి, ద్రావణి విడిపోయే పరీక్షలో నెగ్గి, ఇతర షరతులూ తీరితే, ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీల కంటే తక్కువైనా తక్కువ ప్రమాదాన్ని సూచించే మూడవ ప్యాకింగ్ వర్గంలో చేర్చవచ్చు. చిక్కని పదార్థం ఒలికినా త్వరగా పరచుకోదన్నది ఇందులోని ఆలోచన.

అదే జిగురును పలుచన చేసి, 1 లీటరుకు మించని, తిరిగి నింపడానికి వీలులేని డబ్బాలో చోదక వాయువుతో నింపితే యు.ఎన్. 1950 అవుతుంది. చిక్కదనపు సడలింపు ఇక వర్తించదు. పీడనం ఆ జిగురును సన్నని తుంపరగా మార్చి గాలిలోకి పంపుతుంది కనుక ఇది సహేతుకమే.

పెద్ద పనుల కోసం జిగురును సిలిండర్లలో నింపి, గొట్టం ద్వారా చిమ్మే పద్ధతి వచ్చినప్పుడు కొత్త చిక్కు ఎదురైంది. పరిమాణం దృష్ట్యా అది ఏరోసాల్ కాదు. అందులో అధికభాగం ద్రవమే కనుక కేవలం వాయువు అనడమూ కుదరదు. 2011లో వెలువడిన సిఫారసుల 17వ సవరణ ముద్రణ 'పీడనంలోని రసాయనాలు' పేరుతో యు.ఎన్. 3500 నుంచి 3505 వరకు కొత్త సంఖ్యలను చేర్చింది. మండే వాటికి యు.ఎన్. 3501. వీటిలో మండే భాగం ఉంటే 2.1 విభాగమే. రసాయనాల వర్గీకరణకు ఉద్దేశించిన ప్రపంచ సమన్వయ వ్యవస్థ 2019 నాటి 8వ సవరణ ముద్రణలో ఇదే సమూహాన్ని స్వీకరించి, మండే భాగాల శాతం, దహనోష్ణం ఆధారంగా మూడు వర్గాలుగా విభజించింది. రవాణా నిబంధన 'ఉందా, లేదా' అని అడిగితే, సమన్వయ వ్యవస్థ 'ఎంత' అని అడుగుతుంది. ఒకే సిలిండరుపై రెండు దృక్పథాలు ఇలా కలుస్తాయి.

8. 'మండదు' అన్న మాటకు చెల్లించిన మూల్యం

అగ్నిభయాన్ని తప్పించుకోవడానికి తయారీదారులు క్లోరిన్ గల ద్రావణులను ఆశ్రయించారు. వాటిలో 1,1,1-ట్రైక్లోరోఈథేన్ ఓజోన్‌కు హానికరమని తేలడంతో అభివృద్ధి చెందిన దేశాలలో 1996 నాటికి తొలగింది. మిథిలీన్ క్లోరైడ్ వల్ల కార్మికుల ఆరోగ్యానికి కలిగే ముప్పు దృష్ట్యా అమెరికా 1997లో కఠిన నిబంధనలు విధించింది. నురుగు దిండ్ల పరిశ్రమలో వాటికి బదులుగా 1-బ్రోమోప్రొపేన్ గల పిచికారీ జిగుర్లు వచ్చాయి. వాటిని వాడిన కార్మికులలో కొందరికి కాళ్ళ తిమ్మిర్లు, నడవలేని స్థితి వంటి నరాల జబ్బులు వచ్చాయి. రవాణా వర్గీకరణ ప్రధానంగా దారిలో జరిగే ప్రమాదాన్ని చూస్తుంది. కర్మాగారంలో నెలల తరబడి పీల్చే ఆవిరి దాని పరిధిలోనిది కాదు. అందువల్ల 'మండదు' అనే ముద్రను 'హాని లేదు' అని చదువుకోవడం ప్రమాదకరం.

9. భారతీయ సందర్భం

భారతదేశంలో పేలుడు పదార్థాల చట్టం 1884లో వచ్చింది. దాని కింద రూపొందిన గ్యాస్ సిలిండర్ల నియమావళి, 2016 ప్రకారం 500 మిల్లీలీటర్లకు మించి 1000 లీటర్లకు మించని లోహపాత్ర సిలిండరు. ఐక్యరాజ్యసమితి ఏరోసాల్‌కు గీసిన గీత 1 లీటరు. ఈ రెండు గీతలూ ఒకటి కావు. రోడ్డు రవాణాకు కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 తరగతి గుర్తులను, అత్యవసర సమాచార ఫలకాన్ని, డ్రైవరు శిక్షణను నిర్దేశిస్తుంది. ద్రవీకృత పెట్రోలియం వాయువు లీకైతే ఏమి జరుగుతుందో 1997 సెప్టెంబర్ 14న విశాఖపట్నం చమురుశుద్ధి కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదం తెలుగువారికి చూపింది. పిచికారీ డబ్బాలోని పరిమాణం స్వల్పమే. అయినా లారీనిండా ఉన్న డబ్బాలను ఆ దృష్టితోనే చూడాలి.

10. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

• రవాణాలో దహనశీలత అనేది పదార్థానికి మాత్రమే చెందిన గుణం కాదు. పాత్ర, పీడనం, వెలువడే తీరు కలిసి దానిని నిర్ణయిస్తాయి.

• మండని చోదక వాయువుల స్థానంలో మండేవి రావడానికి ప్రధాన కారణం ఓజోన్ రక్షణ. పర్యావరణ విధానాన్ని, అగ్నిరక్షణను విడివిడిగా అధ్యయనం చేస్తే ఈ సంబంధం కనిపించదు.

• నేటి పరీక్షలలో రైల్వేల నాటి దూరపు కొలత, గిడ్డంగుల నాటి వేడి కొలత పక్కపక్కనే ఉన్నాయి. ప్రతి అంకె వెనుక ఒక నిర్దిష్టమైన భయం ఉంది.

• కొత్త పాత్రలు వచ్చిన తరువాతే నిబంధనలు వచ్చాయి. పీడనంలోని రసాయనాలకు 2011లో ప్రత్యేక సంఖ్యలు లభించడం ఇందుకు నిదర్శనం.

2016 నాటి కిగాలి సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం హైడ్రోఫ్లోరోకార్బన్లు క్రమంగా తగ్గవలసి ఉంది. వాటిలో హెచ్‌ఎఫ్‌సి-134ఎ వంటి మండని చోదక వాయువులూ ఉన్నాయి. 1978లో ఎదురైన ప్రశ్న వాతావరణ రక్షణ రూపంలో మళ్ళీ ముందుకు వస్తున్నది. ఈసారి చోదక వాయువు ఎంపికతోపాటే దానిని మోసే డ్రైవరు, నిల్వచేసే కూలీ, మంటను ఆర్పే సిబ్బంది భద్రతను కూడా లెక్కలోకి తీసుకోవలసిన అవసరాన్ని ఈ చరిత్ర సూచిస్తున్నది.