ఆండిపట్టిలో ఓడిన ఇల్లాలు



ఎన్నికల రోజుల్లో మీ వీధిలోకి వచ్చే ప్రచార జీపును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అభ్యర్థి మైకులో మాట్లాడుతుంటాడు. పక్కన ఆయన భార్య చేతులు జోడించి నిలబడి ఉంటుంది. ఆమె నవ్వాలి, ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లను పలకరించాలి. సొంత అభిప్రాయం మాత్రం చెప్పకూడదు. అదే అభ్యర్థి స్త్రీ అయితే, ఆమె భర్త మైకు అందుకున్నా ఎవరికీ వింతగా తోచదు.

ఈ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే తమిళనాడులోని ఆండిపట్టి కథ వినాలి. నేటి తేని జిల్లాలోని ఊరది. ఆ చుట్టుపక్కల బోడినాయకనూరు, కంబం ప్రాంతాల్లో మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి.

1984 ఎన్నికల్లో ఎం.జి. రామచంద్రన్ ఇక్కడ గెలిచారు. అప్పుడాయన అమెరికాలో, బ్రూక్లిన్ ఆసుపత్రిలో ఉన్నారు. ప్రచారానికి ఒక్కరోజు కూడా రాలేదు. భార్య జానకి ఆయన దగ్గరే ఉండి సేవ చేశారు. ఆమె ఒకప్పటి సినిమా తార. తర్వాత ఇంటికే పరిమితమయ్యారు. నాయకుడి భార్య నుంచి లోకం కోరేది అదే కదా!

1987 డిసెంబరు 24న ఎం.జి.ఆర్. కన్నుమూశారు. ఆర్.ఎం. వీరప్పన్ వంటి సీనియర్ నాయకులు జానకిని ముందు నిలబెట్టారు. 1988 జనవరి 7న ఆమె తమిళనాడుకు తొలి మహిళా ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పదవి నిలిచింది 24 రోజులే. సభలో గొడవల తర్వాత జనవరి 30న రాష్ట్రపతి పాలన వచ్చింది.

మరోవైపు జయలలిత 1983 నుంచి పార్టీ ప్రచార కార్యదర్శిగా ఊరూరా తిరిగి మాట్లాడారు. అయినా అంతిమయాత్రలో ఆమె శకటం ఎక్కబోతే కిందికి తోసేశారు. ఒకరిని భార్య అన్న పేరుతో కుర్చీ ఎక్కించారు, ఇంకొకరిని భార్య కాదన్న పేరుతో దించారు. కొలబద్ద మాత్రం ఇద్దరికీ ఒకటే: ఆ మగవాడికి ఈమె ఏమవుతుంది?

పార్టీ చీలింది. రెండాకుల గుర్తు స్తంభించిపోయింది. జానకి వర్గానికి జంట పావురాలు, జయలలిత వర్గానికి కోడిపుంజు దక్కాయి. 1989 జనవరి 21న పోలింగు జరిగింది. భర్త రాకుండానే గెలిచిన ఆండిపట్టిలో, స్వయంగా నిలబడిన జానకి ఓడిపోయారు. పక్కనే ఉన్న బోడినాయకనూరులో జయలలిత గెలిచారు. ఓట్లు చీలడంతో పదమూడేళ్ల తర్వాత డి.ఎం.కె. అధికారానికి వచ్చింది. కొన్నాళ్లకే రెండు వర్గాలూ కలిశాయి. జానకి రాజకీయాల నుంచి తప్పుకున్నారు. 1996లో మరణించారు.

ఆమె ఓటమికి పార్టీ చీలిక పెద్ద కారణమే. అయితే ఇంకొకటి కూడా ఆలోచించండి. ఏళ్ల తరబడి మౌనమే భార్యకు అందమన్నారు. ఒక్క రాత్రిలో వేదిక ఎక్కి వేలమందిని మెప్పించమన్నారు. ఈత నేర్పకుండా ఏట్లోకి దింపి, మునిగితే ఆమెనే తప్పుపట్టడం న్యాయమేనా?

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకు ఇచ్చింది. గెలిచిన భార్య ఇంట్లో ఉంటే భర్త పెత్తనం చేసే ఊళ్లు మీకూ తెలిసే ఉంటాయి. ఇది కూడా ఆ పాత అలవాటే.

ఈసారి మీ గుమ్మం ముందుకు అభ్యర్థి భార్య వస్తే, దండం అందుకుని పంపేయకండి. మన వీధి కుళాయి గురించి, బడి గురించి ఆమె ఏమనుకుంటోందో అడగండి. ఆమె చెప్పేది చివరిదాకా వినండి.